అమ్మానాన్నలతో రోమ్‌లో నాలుగు రోజులు: ఎక్కడ తినాలి, ఏం చూడాలి?

తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలని ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మే నెలలో అమ్మానాన్నలతో నాలుగు రోజులు రోమ్ వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అమ్మగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మీరు రాసుకున్న లిస్టులో 23 చోట్లు ఉన్నాయి. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి, తిండి సంగతేమిటి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. టిక్కెట్టు కొని చూసే పెద్ద చోటు రోజుకి ఒక్కటే, అదీ పొద్దున్నే. మధ్యాహ్నం ఎక్కడ తింటారో రూము నుంచి బయల్దేరకముందే తేల్చుకోండి. తిన్నాక వెనక్కి వెళ్ళి నడుం వాల్చండి. సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ బయటికి రండి. ఇలా చేస్తే 23లో పది కూడా చూడలేరు. ఆ మిగతావి చూడలేదని మీ నాన్నగారు ఎప్పుడూ బాధపడరు, నాదీ పూచీ.

నేను గైడ్‌ని కాను. పన్నెండేళ్ళుగా ఇక్కడ కాపురం, అంతే. తెనాలి నుంచి మావాళ్ళు, హైదరాబాద్ నుంచి మా ఆయన తరఫువాళ్ళు, వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల వియ్యంకులు, ఏడాదికి మూడు నాలుగు జట్లు దిగుతుంటారు. అందరినీ తిప్పి తిప్పి నేర్చుకున్నదే ఇదంతా.

మొదటిసారి మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు నేనూ మీలాగే పెద్ద లిస్టు పట్టుకుని బయల్దేరాను. పొద్దున కొలోసియం, ఆ వెంటనే ఫోరం, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు. అక్కడి నుంచి బయటపడేసరికి మూడున్నర. ఇక్కడ హోటళ్ళ వంటగదులు రెండున్నర, మూడుకల్లా కట్టేస్తారు, మళ్ళీ రాత్రి ఏడు, ఏడున్నరకే తెరుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ రోజు బుర్రలో లేదు. ఆకలికి ఆగలేక రోడ్డు మీద నిలబడి పిలుస్తున్న ఒకాయన వెంట వెళ్ళాం. మెనూ నిండా ఫోటోలు, ఎనిమిది భాషలు. ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిన లజాన్యా తెచ్చాడు, మధ్యలో ఇంకా చల్లగానే ఉంది. మా అత్తగారు ఉత్త బ్రెడ్డు నమిలి, "పర్లేదులేమ్మా" అంది. నలుగురికీ కలిపి బిల్లు 90 యూరోలు దాటింది. ఆవిడ ఆ "పర్లేదు" అన్న గొంతు నాకింకా వినిపిస్తుంది. అప్పటి నుంచీ చూసే చోటు కంటే ముందు తినే చోటు తేల్చుకోవడం అలవాటైంది.

కాబట్టి తిండి గురించే ముందు చెబుతాను, అదే పెద్ద టెన్షన్.

శాకాహారం విషయంలో ఇటలీ సులువే, కానీ కనిపించేంత సులువు కాదు. "పాస్తా, పిజ్జా ఊళ్ళో శాకాహారికి లోటేమిటి" అని అందరూ అంటారు. ఇక్కడి వెయిటర్లకి మాంసం అంటే మాంసం ముక్క. పంది దవడ కొవ్వును ఉప్పులో ఊరబెట్టి చేసే గ్వాంచాలె వాళ్ళ లెక్కలో రుచి కోసం వేసే పోపు సామాను లాంటిది. రోమ్‌కి పేరు తెచ్చిన నాలుగు పాస్తాల్లో మూడు, అంటే కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా, ఈ గ్వాంచాలె లేకుండా ఉండవు. కార్బొనారాలో గుడ్డు కూడా. నాలుగోది కాచో ఎ పెపె, జున్ను, మిరియాలు మాత్రమే. అమ్మగారికి ఇది బాగానే ఉంటుంది గానీ రెండు మెలికలున్నాయి. మొదటిది, దీన్ని ఎక్కువగా తొన్నరెల్లి అనే తాజా పాస్తాతో చేస్తారు, అందులో సాధారణంగా గుడ్డు ఉంటుంది. ఎండు స్పగెట్టితో చేయగలరా అని అడగండి, చాలాచోట్ల చేస్తారు. రెండోది, అందులో పడే పెకొరీనో రొమానో జున్నుని గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన తోడుతో పేరబెడతారు. పార్మెజానోకి దూడది. మా అమ్మకి ఈ సంగతి చెప్పాక జున్ను పక్కన పెట్టేసింది. మా అత్తగారేమో "తెలీకుండా తింటే దోషం లేదు, నువ్వు చెప్పకుండా ఉండాల్సింది" అంది. మీ అమ్మగారిది ఏ పక్షమో మీకే తెలియాలి, కానీ ఆవిడ అడిగితే నిజం చెప్పండి.

జున్ను కూడా వద్దంటే ఇవి కళ్ళు మూసుకుని చెప్పొచ్చు: టమాటా సాసుతో స్పగెట్టి (అల్ పొమొదోరో), వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెలతో చేసే ఆల్యో ఎ ఓల్యో, టమాటా, ఎండుమిర్చితో చేసే పెన్నె అర్రబ్బియాతా. అర్రబ్బియాతా అంటే కోపంగా ఉన్నది అని అర్థం. వాళ్ళ కోపం మన గుంటూరు కారం ముందు చిన్న విసుగు పాటి కూడా చేయదు, అయినా నోటికి కాస్త హితవుగా ఉంటుంది. పైన జున్ను చల్లొచ్చు, వద్దని ముందే చెప్పాలి. పిజ్జాల్లో మరినారా, దాని మీద టమాటా, వెల్లుల్లి, ఒరెగానో తప్ప జున్ను ఉండదు. కూరల్లో చికోరియా రిపస్సాతా అని ఒకటుంది, ఉడికించిన చేదు ఆకుకూరని వెల్లుల్లి, ఎండుమిర్చితో నూనెలో వేయిస్తారు. అచ్చం మన తోటకూర వేపుడే, కొంచెం చేదు అంతే. మా అమ్మ ప్రతిసారీ దాన్ని బ్రెడ్డులో పెట్టుకుని రొట్టె కూర తిన్నట్టు తింటుంది.

మోసపోయే చోట్లు కూడా చెబుతాను, ఎందుకంటే ఇవి మెనూలో కూరగాయల కింద ఉంటాయి. గుమ్మడి జాతి పూలని పిండిలో ముంచి వేయించే ఫియోరి ది జుక్కా: చూడగానే బజ్జీలా ఉంటుంది, లోపల జున్నుతో పాటు ఒక చిన్న ఆంచోవీ చేప ఉంటుంది. పుంతరెల్లె సలాడ్: అందులోనూ ఆంచోవీయే. సుప్లి: అన్నంతో చేసిన బోండా, మామూలు రకంలో మాంసం సాసు ఉంటుంది. మినెస్ట్రోనె సూపు: ఉడికించిన నీళ్ళు మాంసానివి కావచ్చు. మా అమ్మ ఒకసారి సూపులో గులాబీ రంగు ముక్క చూసి "ఇదేం కూరగాయ" అని నన్నడిగింది.

అందుకే ఒక వాక్యం నేర్చుకుని రండి. "మియా మాద్రె నోన్ మాంజా కార్నె, పెషె, ఉవోవా. నెయాంకె గ్వాంచాలె, నెయాంకె బ్రోదో ది కార్నె." మా అమ్మ మాంసం, చేప, గుడ్లు తినదు, గ్వాంచాలె కూడా, మాంసం రసం కూడా వద్దు అని. వెజిటేరియన్ అంటే తల ఊపి వెళ్ళిపోతారు, ఇలా పేరు పేరునా చెబితే మాత్రం లోపలికెళ్ళి వంటాయనని అడిగొస్తారు.

ఇంకో చిట్కా, ఇది చాలామందికి తెలియదు. టైబర్ నది పక్కన పాత యూదుల గెట్టో ఉంది. 1555లో పోప్ నాలుగో పాల్ యూదులందరినీ గోడ కట్టి అక్కడే ఉండమన్నాడు, 19వ శతాబ్దం దాకా అలాగే సాగింది. ఇప్పుడది ఊళ్ళో మంచి తిండి దొరికే వీధుల్లో ఒకటి. యూదుల కోషర్ నియమం ప్రకారం మాంసాన్నీ పాలనీ కలపకూడదు, అందుకని హోటల్ అయితే మాంసానిది, లేకపోతే పాలది. పాల హోటల్‌లోకి వెళ్ళారంటే ఆ వంటింట్లో మాంసం అనేదే ఉండదు. చేప, గుడ్డు ఉంటాయి, ఆ రెండూ చూసుకుంటే చాలు. అమ్మగారు నిశ్చింతగా మెనూ అంతా చదివే చోటు ఇదే. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా కోషర్ హోటళ్ళు మూసి ఉంటాయి, అది చూసుకుని వెళ్ళండి.

అక్కడ కార్చోఫి అల్లా జుదియా తినకుండా రావొద్దు. ఆర్టిచోక్ అనే మొగ్గని రెండుసార్లు నూనెలో వేయిస్తారు. రెండోసారి వేసేముందు రేకులు విప్పుతారు, పళ్ళెంలోకి వచ్చేసరికి గోధుమ రంగు చామంతిలా విచ్చుకుని ఉంటుంది. పై రేకులు అప్పడంలా కరకరలాడతాయి, లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తబడి, నడిమి భాగం పనస తొన మొదలులా దిగుతుంది. ఉప్పు తప్ప ఇంకేం ఉండదు. రోమ్ ఆర్టిచోక్ సీజన్ వసంతంతోనే అయిపోతుంది, మీరు మే మొదట్లో వస్తే చివరి బండి దొరకొచ్చు. ఆ వీధిలోనే బోచ్చోనె అని చిన్న బేకరీ, బోర్డు వెతికినా కనిపించదు, పైన మాడినట్టుండే రికొత్తా జున్ను టార్ట్ అమ్ముతారు. అది మీకూ నాన్నగారికీ. అమ్మగారికి వద్దు, గుడ్డు ఉంటుంది.

మధ్యాహ్నం కూర్చుని తినడానికి టైము, డబ్బు, ఓపిక మూడూ లేనప్పుడు పిజ్జా అల్ తాల్యో. పొడుగాటి రేకుల్లో కాల్చిన పిజ్జాని కోసి తూకం వేసి ఇస్తారు. ఈ దుకాణాలు మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటాయి, అందుకే మూడున్నర ఆకలికి ఇవే దిక్కు. కొనే పద్ధతి ఇదీ: రేకు చూపిస్తారు, ఆవిడ కత్తిని పిజ్జా మీద ఒకచోట ఆనించి మీ మొహంలోకి చూసి "కొజీ?" అంటుంది, అంటే ఇంతా అని. మీరు "మెనో" అంటే కత్తి ఇటు జరుగుతుంది, "ది ప్యూ" అంటే అటు. ఒప్పుకున్నాక తెగ్గొట్టి, తూచి, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి బోర్లించి కాగితంలో చుట్టి ఇస్తుంది. ధర కిలోకో, ఒక ఎత్తోకో రాసి ఉంటుంది. ఎత్తో అంటే 100 గ్రాములు. మనిషికి రెండు, రెండున్నర ఎత్తోలు చాలు. పిజ్జా రొస్సా (టమాటా మాత్రమే), పిజ్జా కొన్ పతాతె (బంగాళాదుంప) అమ్మగారికి సరిపోతాయి, రెండోదాంట్లో జున్ను వేశారేమో అడగండి. వాటికన్ మ్యూజియం దగ్గర చిప్రో మెట్రో ఎదుట బోంచి పిజ్జారియుం ఉంది, ఊళ్ళో పేరున్నది, రద్దీ ఎక్కువ, కూర్చోడానికి కుర్చీలు దాదాపు ఉండవు. నాన్నగారిని పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టి మీరు లైన్లో నిలబడండి.

అన్నం గురించి అడగలేదు మీరు, కానీ మూడో రోజుకి అడుగుతారు. టెర్మిని స్టేషన్ వెనక పియాజ్జా విత్తోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్ ఉంది. బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు ఎక్కువ, బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, పప్పులు, బియ్యం అన్నీ దొరుకుతాయి. ఆ చుట్టుపక్కల భారతీయ హోటళ్ళూ ఉన్నాయి, అన్నీ ఉత్తరాది వంటలే. పొద్దున పూట వెళ్ళండి, ఆదివారం వద్దు. నా సలహా అయితే హోటల్ గది బదులు చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. రాత్రి ఒక్క పూట పెరుగన్నం, ఆవకాయ పడితే మర్నాడు కొలోసియం ఎక్కడానికి పెద్దవాళ్ళకి ఓపిక వస్తుంది. పచ్చళ్ళు, పొడులు సూట్‌కేసులో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, నేతి పూతరేకులు మాత్రం పెట్టొద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. మే నెల కదా అని మామిడిపళ్ళు కూడా వద్దు, తాజా పళ్ళకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. మా పిన్ని తెచ్చిన డజను బంగినపల్లులు ఎయిర్‌పోర్టులోనే ఆగిపోయాయి, ఆ వాసనని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కాఫీ సంగతి రెండు ముక్కల్లో. నిలబడి తాగితే ఎస్ప్రెసో యూరోన్నర లోపు, కూర్చుంటే రెండు మూడింతలు. కొన్నిచోట్ల ముందు క్యాషియర్ దగ్గర డబ్బు కట్టి, చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి. కప్పుచీనో పొద్దున తాగేది, భోజనం తర్వాత అడిగితే ఇస్తారు గానీ జాలిగా చూస్తారు. నాన్నగారికి మన ఫిల్టర్ కాఫీ అలవాటైతే కాఫె లత్తె చెప్పండి. ఉత్త "లత్తె" అంటే గ్లాసుడు పాలు తెచ్చిస్తారు. కాఫీ తాగిన చోట బాత్రూం వాడుకోవచ్చు. పెద్దవాళ్ళతో తిరిగేటప్పుడు కాఫీ కంటే అదే ముఖ్యం.

బిల్లులో "పానె" అని మనిషికి యూరోన్నర నుంచి మూడు దాకా కనిపిస్తే కంగారు పడకండి, అది బ్రెడ్డు ఖరీదు. వద్దంటే మొదట్లోనే తిప్పి పంపొచ్చు. టిప్పు ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక చూసేవి.

బస ప్రాతి పేటలో చూడండి. వాటికన్ పక్కనే, వీధులు చదునుగా, తిన్నగా ఉంటాయి. పాతూరంతా సాంపియెత్రీని అనే నల్లరాతి ముక్కలు పరిచిన దారులు, ఎగుడు దిగుడు, రాళ్ళ మధ్య సందులు. మామూలు కాళ్ళకే రెండు గంటల్లో మడమలు లాగుతాయి. చెప్పులు వద్దు, అడుగు మందంగా ఉన్న బూట్లు వేయించండి. అమ్మగారు చీర మీద బూట్లు వేసుకోనంటే మా అత్తగారి ఫోటో పంపిస్తాను, పట్టుచీర మీద తెల్ల స్పోర్ట్స్ షూ.

కొలోసియం తప్పదు. క్రీస్తు శకం 72 ప్రాంతంలో మొదలై 80లో తెరిచిన కట్టడం, బయట నుంచి చూసి వచ్చేస్తే లోటే. అధికారిక వెబ్‌సైట్‌లో మామూలు టిక్కెట్లు 30 రోజుల ముందు తెరుచుకుంటాయి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మంచి సమయాలు చకచకా అయిపోతాయి. టిక్కెట్టు మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు అడుగుతారు, స్పెల్లింగ్ సరిచూసుకోండి. లోపలి మెట్లు ఎత్తుగా, నిటారుగా ఉంటాయి. లిఫ్ట్ ఉంది, లోపలికి వెళ్ళగానే నాన్నగారి మోకాళ్ళ సంగతి సిబ్బందికి చెప్పండి.

ఆ టిక్కెట్టుతోనే ఫోరం, పలటైన్ గుట్ట కూడా వస్తాయి. ఇక్కడే అందరూ చిత్తవుతారు. నీడ ఉండదు, నేల గతుకులు, గుట్ట ఎక్కాలి. టిక్కెట్టు డబ్బులు దండగ అవుతాయని పెద్దవాళ్ళని లాక్కెళ్ళకండి. పైన కాంపిదోల్యో అనే గుట్ట మీది కూడలి పక్కనుంచి చూస్తే ఫోరం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, ఉచితం, టాక్సీ దాదాపు పక్కదాకా వెళ్తుంది. అక్కడ నిలబడి నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఎదురుగా ఆ మూడు పెద్ద కమానులున్న మాక్సెంటియస్ బసిలికా కింద ఒకప్పుడు రోమన్ల మిరియాల గిడ్డంగి ఉండేది, డొమీషియన్ చక్రవర్తి కట్టించాడు. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వచ్చినవే. బదులుగా అటు వెళ్ళిన రోమన్ బంగారు, వెండి నాణేలు మన తెలుగు నేలలోనూ తవ్వకాల్లో బయటపడ్డాయి, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక కుండెడు దొరికాయి. ఇది చెప్పాక మా మామగారు పావుగంట ఆ రాళ్ళ వంకే చూస్తూ ఉండిపోయారు.

కొలోసియం రోజు భోజనం దాని ఎదుటి వరసలో చేయకండి. వెనకే మోంటి పేట ఉంది, పది నిమిషాల నడక, ట్రాటోరియాలు అనే ఇంటి తరహా చిన్న హోటళ్ళు, ధరలు తగ్గుతాయి. కొంచెం ఎత్తెక్కాలి, నాన్నగారికి టాక్సీ. 12:30కి చేరితే టేబుల్ దొరుకుతుంది, ఒకటిన్నరకి దొరకదు.

వాటికన్‌కి ఒక పొద్దున కేటాయించండి, బుధవారం, ఆదివారం కాకుండా. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉన్నప్పుడు సెయింట్ పీటర్స్ చర్చిలోకి వెళ్ళనివ్వరు. ఆదివారం మ్యూజియం మూత. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం సంగతి తిరుమలలో వైకుంఠ ఏకాదశి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మ్యూజియానికి ముందే ఆన్‌లైన్‌లో టైము తీసుకోండి. లోపల కిలోమీటర్ల కొద్దీ నడక, చివర్లో సిస్టీన్ చాపెల్. అక్కడ అరిగిన మోకాళ్ళు మైకెలాంజెలోని చూడనివ్వవు, కుర్చీ వెతుక్కుంటాయి. మ్యూజియంలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ఐడీ కార్డు చూపిస్తే చాలు. నాన్నగారు మొదట ఒప్పుకోరు. మా మామగారు "నేనేమైనా పేషెంటునా" అని అరగంట అలిగి, తర్వాత దిగనన్నారు. చాపెల్‌లో ఫోటోలు తీయనివ్వరు, గోడ వెంబడి బెంచీలున్నాయి, ఒకటి దొరకబుచ్చుకుని తల పైకెత్తి పది నిమిషాలు కూర్చోండి. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో ఆ కప్పు మీది బొమ్మల్ని పరంజా మీద నిలబడి మెడ వెనక్కి వంచి గీశాడు, మనం పది నిమిషాలు వంచితేనే పట్టేస్తుంది.

సెయింట్ పీటర్స్ చర్చి ఉచితమే, సెక్యూరిటీ లైన్ మాత్రం పెద్దది. పొద్దున ఏడున్నరకి వెళ్తే లైనే ఉండదు, తర్వాత మ్యూజియం తొమ్మిదిన్నరకి పెట్టుకోండి. గుమ్మటం పైకి మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ తీసుకుంటే మేడ దాకా వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకా 320. నాన్నగారూ అమ్మగారూ మేడ మీద ఆగిపోయి ఊరు చూస్తూ ఉంటారు, మీరు ఎక్కి రండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చీరకీ పంజాబీ డ్రెస్సుకీ ఇబ్బంది లేదు. షార్టు వేసుకుని వెళ్ళి గుమ్మంలోంచి వెనక్కొచ్చేది మనబోటివాళ్ళమే.

సాయంత్రాలు పాంథియాన్ అనే పాత రోమన్ గుడి, నవోనా కూడలి, ట్రెవీ ఫౌంటెన్. ఈ మూడూ ఒకదానికొకటి పది పదిహేను నిమిషాల దూరం, అంతా చదును. పాంథియాన్‌కి 2023లో 5 యూరోల టిక్కెట్టు పెట్టారు, ఏడుకల్లా మూసేస్తారు కాబట్టి మిగతా రెండింటి కంటే ముందు అదే, ఆ రోజు మాత్రం ఆరు దాకా ఆగకుండా ముందే బయల్దేరండి. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి కాంక్రీటు గుమ్మటం, 43 మీటర్ల వెడల్పు, లోపల ఇనుము ఊచ ఒక్కటీ లేదు. నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల గుండ్రటి కన్ను, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలలో చిన్న చిన్న కన్నాలున్నాయి నీళ్ళు పోవడానికి, వెతికి చూడండి. ఎండ వలయం గోడ మీద పాకుతూ ఉంటుంది, పావుగంట కూర్చుంటే జరగడం కంటికి తెలుస్తుంది.

పియాజ్జా నవోనాలో నడుమ శిల్పి బెర్నీనీ 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. నాలుగు ఖండాలకి నాలుగు నదులు: డాన్యూబ్, నైలు, దక్షిణ అమెరికా నుంచి రియో దె లా ప్లాతా, ఆసియా నుంచి మన గంగ. చేతిలో పొడుగాటి తెడ్డు పట్టుకున్న కండల మగమనిషి గంగ. ఇక్కడ నదీ దేవతలు మగవాళ్ళు. మా అత్తగారు చుట్టూ తిరిగి అమ్మవారి కోసం వెతికింది. తెడ్డాయనే గంగ అని చూపిస్తే, ఒక క్షణం ఆలోచించి, పర్సులోంచి నాణెం తీసి నీళ్ళలో వేసి దండం పెట్టుకుంది. ట్రెవీలో నాణేలు వేస్తారు గానీ నవోనాలో వేసింది నేనెరిగినంతలో ఆవిడే.

అక్కడికి ఐదు నిమిషాల్లో సాన్ లూయిజి దెయి ఫ్రాంచేజి చర్చి, ఉచితం. ఎడమ చేతి వైపు చివరి గూట్లో కరవాజ్జో వేసిన మూడు సెయింట్ మాథ్యూ చిత్రాలున్నాయి. గూడు చీకటిగా ఉంటుంది. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. చిల్లర ఉంచుకోండి. చిత్రం లోపల కూడా వెలుగు ఒక మూల నుంచే పడుతుంటుంది, ఈ దీపం ఆరిపోయినప్పుడు చిత్రంలో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళతో పాటు మనం కూడా చీకట్లో ఉండిపోయినట్టుంటుంది. మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం తొందరగా కట్టేస్తారు, పాంథియాన్‌కి ముందే దీన్ని చూసేయండి.

నాలుగో రోజు బొర్గేజె గ్యాలరీ, నా దృష్టిలో ఊరంతటిలో పెద్దవాళ్ళకి అనువైన మ్యూజియం. రెండు గంటలే టైము ఇచ్చి, లెక్కపెట్టి లోపలికి పంపుతారు, అందుకే తొక్కిసలాట ఉండదు, బుకింగ్ లేకుండా మాత్రం వెళ్ళలేరు. సోమవారం సెలవు. అక్కడ బెర్నీనీ చెక్కిన ప్రొసెర్పినా శిల్పం వెనక వైపుకి వెళ్ళి చూడండి, ఆమెని ఎత్తుకుపోతున్న పాతాళ దేవుడు ప్లూటో వేళ్ళు ఆమె తొడలోకి దిగి చర్మం నొక్కుకుపోయి ఉంటుంది. అది పాలరాయి. బెర్నీనీకి అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు.

మీ లిస్టులోంచి కొట్టేయాల్సినవి: నోట్లో చెయ్యి పెట్టే రాతి ముఖం (గంట లైను, ఒక ఫోటో), రెండంతస్తుల టూరిస్టు బస్సు (పాతూరి సందుల్లోకి అది రానే రాదు), ఒక్క రోజులో నేపుల్స్, పాంపేయి. ఆ చివరిదానికి మీరొక్కరే అయితే వెళ్ళమంటాను. స్పానిష్ స్టెప్స్ దారిలో పడితే చూడండి. ఆ మెట్ల మీద కూర్చోకూడదు, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కూర్చోనివ్వని మెట్లతో పనేముంది.

నీళ్ళ సీసాలు కొనకండి. వీధి వీధిలో నజోనె అనే ఇనుప పంపు ఉంటుంది, ముక్కులా వంగిన గొట్టం, రాత్రీ పగలూ చల్లటి తాగే నీళ్ళు కారుతూనే ఉంటాయి. 1870ల నుంచీ ఉన్నాయివి. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మోకాళ్ళు వంగని నాన్నగారికి ఈ కిటుకు మొదటి రోజే నేర్పండి.

చివరగా దొంగల సంగతి. వాటికన్ వైపు వెళ్ళే రద్దీ బస్సుల్లో, టెర్మిని మెట్రోలో జేబులు కొట్టేస్తారు. మా బాబాయి పాంటు వెనక జేబులోంచి పర్సు పోయింది, పక్కనున్నది పసిపిల్లని ఎత్తుకున్న ఆవిడ కదా అని ఆయన సీటు కూడా ఇచ్చాడు. పాస్‌పోర్టులు, డబ్బు మెడలో వేసుకునే సంచిలో, చొక్కా లోపల. అమ్మగారి గొలుసు, గాజులు ఇంట్లోనే వదిలి రమ్మనండి. బస్సు, మెట్రోలో కార్డు ఆనించి ఎక్కొచ్చు, ఒకసారి ఆనిస్తే 100 నిమిషాలు చెల్లుతుంది, మెట్రో మాత్రం అందులో ఒక్కసారే. ఒకే కార్డు ముగ్గురికీ ఆనించకండి, మనిషికో కార్డు ఉండాలి.

తేదీలు ఖాయం అయ్యాక ఏ వారం రోజున ఏది పెట్టుకున్నారో ఇక్కడే రాయండి, బుధవారం, శనివారం ఎక్కడైనా తగులుకున్నాయేమో చూసి చెబుతాను.